తలకింత

చిన్న కోడలు ఒక చేత్తో కాఫీ కలుపుతూ, వంటగట్టు మీద తెరిచి పెట్టిన లాప్‌టాప్‌లో మెయిల్ చదువుతోంది. చదివినకొద్దీ చెంచా తిరగడం నెమ్మదించి, చివరికి ఆగిపోయింది.

"ఏమిటమ్మాయ్, కాఫీ చల్లారబెట్టేంత కబురు?" అంది అత్తగారు కుర్చీ దగ్గరకు లాక్కుంటూ.

"లైసెన్సు గడువు అయిపోతోంది అత్తయ్యా. మన కంప్యూటర్లకీ ఫోన్లకీ కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దానికి కొత్త రేటు పంపారు. కిందటేడు కట్టినదానికీ దీనికీ పొంతనే లేదు."

"ఎందుకు?"

ఆవిడ అంతే. బళ్ళో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పిల్లలు చాటుగా 'ఎందుకు టీచర్' అని పిలుచుకునేవారు. ఆ సంగతి తెలిసినా ఆవిడ ఎప్పుడూ కోప్పడలేదు సరికదా, మెచ్చుకోలుగానే తీసుకుంది.

ఆ 'ఎందుకు'కి జవాబు చెప్పాలంటే ఇంటి గొడవంతా చెప్పాలి. ఆ గొడవ అత్తగారికి తెలియనిది కాదు. అన్నదమ్ములిద్దరూ కలిసి లిఫ్టుల వ్యాపారం పెట్టి పైకి తెచ్చారు. పెద్దవాడు కొత్త భవనాలకు లిఫ్టులు బిగిస్తాడు. చిన్నవాడు బిగించినవాటిని చెడిపోకుండా చూసుకుంటాడు. వేసవికి ముందు ఇద్దరికీ మాటా మాటా పెరిగి కంపెనీని రెండు చేసుకున్నారు. వీధి చివర వర్క్‌షాపు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. పనిముట్లు పంచుకున్నారు, వ్యాన్లు పంచుకున్నారు, మెకానిక్కులను పంచుకున్నారు. ఇల్లు మాత్రం అదే. పెద్దవాడి కాపురం పైన, చిన్నవాడిది కింద. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు కమ్మీల వైపు తిరిగి వెళ్ళేవారు.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అది కంటికి కనిపించేది కాదు. మొదట్నించీ దాన్ని చూసుకున్నది చిన్న కోడలు. లైసెన్సు పెద్దవాడి కంపెనీ పేరున ఉండిపోయింది. విడిపోయిన మర్నాడు తమ మెకానిక్కుల పేర్లు అందులోంచి తీసేయాలని కూర్చుని, చెయ్యి రాక అలాగే వదిలేసింది.

పెద్ద కోడలు మెట్ల మీద నుంచే పిలిచింది. "చెల్లీ, మీ బావగారికి కూడా వచ్చిందే ఆ మెయిల్. కొన్నదానికన్నా ఎక్కువమంది వాడుతున్నారని రాశారట. పొద్దున్నించీ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. కాస్త చూసుకో."

తోడికోడళ్ళిద్దరూ ఏ గోడా లేనట్టే ఉండేవారు. మొగుళ్ళు మాట్లాడుకోకపోవడం వాళ్ళకు కొత్త పని తెచ్చిపెట్టింది గానీ కొత్త పగ తేలేదు.

చిన్న కోడలు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సేల్స్ అమ్మాయి గొంతు చురుగ్గా ఉంది.

"మీ పేరున కొన్న లైసెన్సులకన్నా ఎక్కువమంది వాడుతున్నారు మేడమ్. ఈ మధ్య కొత్తవాళ్ళని చేర్చుకున్నారా?"

"మా బావగారు చేర్చుకున్నారు."

"అయితే రెండు దార్లున్నాయి. ఇంకొన్ని కొనాలి, లేదంటే కొందరి పేర్లు తీసేయాలి."

అత్తగారు ఫోన్ దగ్గరకు వంగింది. "నాకో సందేహం అమ్మా. వాచ్‌మన్‌ని పెట్టుకుంటే భవనానికింత అని జీతం ఇస్తాం. లోపల ఎంతమంది ఉన్నారని తలలు లెక్కపెట్టం కదా. మీరు తలకింత అని ఎందుకు తీసుకుంటారు?"

అవతల నవ్వు. "ఇంతవరకూ నన్నెవరూ అడగలేదండీ ఈ ప్రశ్న. మా లెక్కలో ఒక్కో మనిషీ ఒక్కో తలుపు. మోసపు మెయిల్ వస్తే దాన్ని నొక్కేది మనిషే కదా. ఎన్ని తలుపులుంటే అంత కాపలా. మెషీన్ల లెక్కన అమ్మేవాళ్ళూ ఉన్నారు, దాచుకున్న సమాచారం ఎంతుంటే అంత తీసుకునేవాళ్ళూ ఉన్నారు. మాది మనుషుల లెక్క. ఎక్కువమంది ఉంటే తలకి రేటు తగ్గుతుంది."

"బాగుంది. మరి ఎక్కువ తలుపులుంటే ఎక్కువ శ్రమ కదా. ఎక్కువమంది ఉంటే తలకి రేటు తగ్గిస్తారెందుకు?"

"పెద్ద కంపెనీ మమ్మల్ని వదిలి వెళ్ళిపోకుండా అండీ," అని చెప్పేసి, అలా చెప్పకూడదేమో అన్నట్టు సేల్స్ అమ్మాయి గొంతు సవరించుకుంది.

చిన్న కోడలు అసలు సంగతి అడిగింది. తమ కంపెనీ విడిగా కొనుక్కుంటే ఎలా ఉంటుంది? జవాబు ఆమె భయపడినట్టే ఉంది. కొద్దిమందే కాబట్టి తలకి రేటు పెరుగుతుంది. అంతకన్నా చిక్కు ఇంకొకటి. చిన్న కంపెనీలకిచ్చే ప్లాన్‌లో కంప్యూటర్లకే రక్షణ, ఫోన్లకు ఉండదు. చిన్నవాడి మెకానిక్కులకు కంప్యూటర్లెక్కడివి? వాళ్ళ ఆఫీసంతా జేబులో ఫోనే.

"మీవి రెండు వేరు వేరు కంపెనీలా మేడమ్, ఒకదానికి ఒకటి అనుబంధమా?" అని అడిగింది సేల్స్ అమ్మాయి. "దాన్నిబట్టి వేరే పద్ధతి ఉంది."

చిన్న కోడలు అత్తగారి వైపు చూసింది. ఎందుకు టీచర్ మెట్ల వైపు చూసింది.

"కాసేపాగి మీరే చేస్తారా? ఇంట్లో అడిగి చెబుతాను," అంది.

ఫోన్ పెట్టేసేసరికి పెద్దవాడు గుమ్మంలో ఉన్నాడు. విడిపోయాక ఆ గుమ్మంలో నిలబడడం అదే మొదలు. లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటున్న చిన్నవాడు అన్నను చూసి అద్దం వైపు తిరిగాడు.

"అమ్మా, వాణ్ణడుగు," అన్నాడు పెద్దవాడు. "నా లైసెన్సు మీద వాడి మనుషులు ఇంకా ఎందుకున్నారో."

"అమ్మా, ఆయనకి చెప్పు," అన్నాడు చిన్నవాడు అద్దంలోకి చూస్తూనే. "నాకా సంగతే తెలీదని."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా? ఎదురెదురుగానే ఉన్నారుగా," అంది తల్లి.

చిన్న కోడలు చేతులు తుడుచుకుంటూ మధ్యకు వచ్చింది. "నేనే ఉంచాను బావగారూ. ఎవరికీ చెప్పలేదు."

చిన్నవాడు చివ్వున ఇటు తిరిగాడు. "నాకు కూడానా?"

"చెబితే ఆ రోజే తీసెయ్యమనేవారు."

"ఇప్పుడూ అదే చెబుతున్నా. తీసెయ్. ఆయన సొమ్ము మీద నాకు కాపలా అక్కర్లేదు. ఇప్పుడే, నా ముందే తీసెయ్."

"తియ్యను."

ఆమె అంత నెమ్మదిగా తన మాట కాదనడం అతనెప్పుడూ చూడలేదు. కోపం వస్తే గిన్నెలు మోగించేది, అలిగితే తలుపు వేసుకునేది. ఇప్పుడు మాత్రం లాప్‌టాప్ మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"మీవాళ్ళ ఫోన్లలో ఏమున్నాయో మీకు తెలీదా? ఏ భవనం తలుపు ఏ నంబరుతో తెరుచుకుంటుందో ఉంది. మెషీన్ గది తాళం ఎక్కడ పెడతారో ఉంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన ఇంటి కోడ్‌లున్నాయి. మీ ఇద్దరి పంతం కోసం అవన్నీ వీధిలో పెట్టమంటారా? మీరు తీసుకోండి ఈ లాప్‌టాప్. మీ చేత్తో మీరే తీసెయ్యండి."

అతను చెయ్యి చాపలేదు.

పెద్దవాడి గొంతు కొంచెం తగ్గింది. "నేనేమీ తీసెయ్యమని రాలేదమ్మా. కానీ వాళ్ళవల్ల ఏదన్నా జరిగితే నా పేరు మీద పడుతుంది. ఒకసారి పడింది చాలు."

ఆ మాటతో చిన్నవాడికి అమ్మ ద్వారా మాట్లాడాలన్న పట్టింపు పోయింది.

"పడింది చాలా? ఎంతమందిలో అన్నావు నన్ను? నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళ ముందు. 'నీ అశ్రద్ధకి నేను తల దించుకోవాలా' అన్నావు."

"దించుకున్నది నేనే కదరా. తల్లీ పిల్లా లిఫ్టులో ఇరుక్కుపోయి ఏడుస్తుంటే, ఆ భవనం వాళ్ళంతా చుట్టూ చేరి నా మొహం మీద అరిచారు. అరిగిపోయిన తలుపు రోలర్ మార్చకుండా లిఫ్టు నడిపించావు."

"నేను నడిపించలేదు. కొత్త రోలర్ వచ్చేదాకా ఆపెయ్యమని చెప్పి, స్విచ్ కట్టేసి బోర్డు పెట్టి వచ్చాను. మెట్లెక్కలేక వాళ్ళే బోర్డు తీసి ఆన్ చేసుకున్నారు."

"మరి ఆ రోజు చెప్పలేదేంరా?" అన్నాడు పెద్దవాడు.

"నువ్వడగలేదు."

వంటగదిలో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. మెట్ల చివర ఎప్పుడు వచ్చి నిలబడిందో పెద్ద కోడలు, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఊళ్ళో పిల్లలందరికీ అడగడం నేర్పాను," అంది తల్లి. "ఆకు పచ్చగా ఎందుకుందని అడిగారు, చంద్రుడు మీద పడడేమని అడిగారు. నా కడుపున పుట్టినవాళ్ళు మాత్రం 'ఏం జరిగిందిరా' అని ఒక్క మాట అడగలేకపోయారు. వీడు అడగడు, వాడు చెప్పడు. గోడ కట్టుకోవడానికి మాత్రం ఇద్దరికీ తీరికుంది."

అప్పుడే ఫోన్ మోగింది. చిన్న కోడలు దిక్కులు చూసి, ఇక దాచేదేముందని స్పీకర్ నొక్కింది.

"మేడమ్, మా వాళ్ళని కనుక్కున్నాను," అంది సేల్స్ అమ్మాయి హుషారుగా. "రెండు కంపెనీలైనా ఒకే ఒప్పందం కిందకి రావచ్చు. ఒకటి ముఖ్య సంస్థ, రెండోది దాని అనుబంధ సంస్థ. అప్పుడు తలలన్నీ కలిపి లెక్క వేస్తాం. రేటు తగ్గుతుంది, ఫోన్లకీ రక్షణ ఉంటుంది. కాకపోతే ఒక షరతు. అనుబంధ సంస్థ వాళ్ళు నిబంధన ఏదన్నా తప్పితే మాకు జవాబు చెప్పాల్సింది ముఖ్య సంస్థే. దానికి యజమాని ఒప్పుకోవాలి. సార్ ఉన్నారా?"

చిన్నవాడు గబగబా ముందుకొచ్చాడు. "అక్కర్లేదండీ. మేం విడిగానే కొనుక్కుంటాం. ఎక్కువైనా ఫర్వాలేదు. నా తరఫున ఆయన జవాబు చెప్పాల్సిన అవసరం..."

"ఆగరా," అన్నాడు పెద్దవాడు. తమ్ముడి భుజం పట్టుకుని పక్కకు జరిపి ఫోన్ ముందు నిలబడ్డాడు. మరీ అలవాటైన పట్టు అది. పట్టుకున్నాక గానీ ఇద్దరికీ తెలియలేదు. "నేనేనమ్మా యజమానిని. రాసుకోండి. వాళ్ళ జవాబుదారీ నాది."

"పూర్తిగా చదివి సంతకం పెట్టండి సార్. తొందరేం లేదు."

"చదువుతాను. అయినా రాసుకోండి."

"సరే సార్. ఇంకో వివరం. ఖాతాలన్నీ చూసే ముఖ్య అడ్మిన్‌గా మేడమ్ ఉన్నారు. ఆవిడ అందుబాటులో లేనప్పుడు రెండు కంపెనీల్లో ఏ ఖాతానైనా తెరవడానికీ మూయడానికీ ఇంకొకరు కావాలి. అన్నీ వాళ్ళ చేతిలో ఉంటాయి కాబట్టి బాగా నమ్మకమైన మనిషై ఉండాలి. ఎవరి పేరు రాయమంటారు?"

పెద్దవాడు తమ్ముడి పేరు, నంబరు చెప్పాడు. ఫోన్ తీసి చూడలేదు, తడుముకోలేదు.

"వీరు మీకేమవుతారు సార్?"

"తమ్ముడు."

చిన్నవాడు కుళాయి దగ్గరకు వెళ్ళి మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు. చాలాసేపు చల్లుకున్నాడు. చొక్కా కాలరంతా తడిసిపోయింది. చిన్న కోడలు తువ్వాలు తీసుకెళ్ళి అందించి, అతని మొహం చూడకుండానే తిరిగి వచ్చేసింది. ఇప్పుడు చూస్తే తనకూ ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఫోన్ దగ్గరకు జరిగింది. "ఇదిగో అమ్మాయ్, ఇంతమందిమి ఒక్కటై వచ్చాం కదా. ఇంకాస్త తగ్గదా?"

"మా మేనేజర్‌ని అడగాలండీ."

"మరి అడుగు. అడిగితే పోయేదేముంది?"

పెద్ద కోడలు చెంగు చాటున నవ్విందో ఏడ్చిందో, మెట్ల మీద కూర్చుండిపోయింది. చిన్న కోడలు వెళ్ళి ఆమె పక్కనే చేరి, భుజానికి తల ఆనించింది.

పెద్దవాడు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. బయటికే చూస్తూ, "ఆ కొత్త ఆసుపత్రిలో బిగించిన లిఫ్టు ఆగేటప్పుడు కుదుపుతోందిరా," అన్నాడు. "మావాళ్ళు మోటారు అంటున్నారు. నాకు కాదనిపిస్తోంది. ఏమై ఉంటుందంటావు?"

చిన్నవాడు తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడే."

"బరువుంటేనా, ఖాళీగా ఉన్నప్పుడు కూడానా?"

"అది చూడలేదు."

"చూడకుండా ఏం చెబుతాం? పద, వెళ్ళి చూద్దాం," అని తడిసిన చొక్కాతోనే చెప్పులు వేసుకున్నాడు.