ఆకలి తీరని బంతి

1996 శ్రావణంలో మా మామగారు కొండలయ్యగారి సంవత్సరీకం భవానీపురంలో మా ఇంట్లోనే జరిపాం. గోడ మీద ఆయన ఫొటో, కింద బంగారు రంగు అక్షరాల్లో ‘అన్నదాత’ అని రాసి ఉంది. రాయించింది మా ఆయన జానకిరామ్. యుద్ధం రోజుల్లో చల్లపల్లి దగ్గర బియ్యం కొట్టు నడిపి, తండ్రి ఊళ్లకి ఊళ్లనే బతికించాడని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పన్నెండేళ్లుగా వింటున్నాను. పనిమనిషికి చారు కూడా గరిటెతో కొలిచి పోసే ఇల్లు మాది.

మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయింది. హాల్లో ఇరవై మంది చుట్టాలు అరిటాకుల ముందు కూర్చున్నారు. వడ్డించడం మొదలుపెట్టాను. ఒక గుండిగ ఖాళీ అయింది. రెండోదీ అయిపోయింది. ఎవరూ లేవలేదు. మాటలు ఆగిపోయాయి. నమిలే చప్పుడొక్కటే...

మా ఆయన ఇంకొంచెం పెట్టమన్నాడు. తింటున్నకొద్దీ ఆయన పొట్ట లోపలికి పోయి, పంచె జారిపోతోంది.

అప్పుడు వాసన మొదలైంది. ముక్కిన బియ్యం, తడిసిన గోనెసంచుల వాసన. అది వంటింట్లోంచి రావడం లేదు. ఓ మూల కూర్చున్న అత్తగారు సంపూర్ణమ్మగారి పక్కన ఖాళీగా ఉన్న చోటు నుంచి వస్తోంది.

ఆవిడ ఆకు ముట్టలేదు. ఎవరూ అడక్కుండానే చెప్పింది. పదిహేనేళ్లకి కాపురానికొచ్చిందట. ధర ఇంకా పెరుగుతుందని మామగారు కొట్టుకి తాళం వేశాడు. కూలీలు అడిగితే గింజ లేదన్నాడు. తాళంచెవి ఈవిడ బొడ్లోనే ఉండేది. ధర పెరిగాక అమ్ముకుని, వాననీళ్లు దిగి కుళ్లిన బస్తాల్ని కాలవలో పారబోయించాడు. కొట్టు గుమ్మంలో పడుకున్న రావమ్మ అనే కూలీ, ఆమె చంటిబిడ్డ అప్పటికే చచ్చిపోయారు.

“మూడు రోజులు అడిగింది. లేవన్నాను,” అందావిడ.

“మెల్లగా అమ్మా, చుట్టాలు వింటారు,” అన్నాడు మా ఆయన.

అంతే ఆయన బాధ. చుట్టాలు విననే విన్నారు. ఆ కొట్టు సొమ్ముతో ఇళ్లు కట్టుకున్నవాళ్లే అందరూ. ఒక్కరూ చెయ్యి ఆపలేదు. నాకు భయం కన్నా ముందు అసహ్యం వేసింది.

“నాగలక్ష్మీ, నా పక్కన ఓ ఆకు వెయ్యి,” అంది అత్తగారు.

వేశాను. మూడో గుండిగలోంచి అన్నం పెట్టి, పప్పు గిన్నె అందుకుని తిరిగేసరికి ఆకు ఖాళీ. మెతుకు లేదు. మళ్లీ పెట్టాను. నేను చూస్తుండగానే తరిగిపోయింది... నెమ్మదిగా, ముద్ద తర్వాత ముద్ద.

“చాలదమ్మా...” గుసగుసగా అందావిడ. నన్ను చూడటం లేదు. వాన పడుతున్న వీధి గుమ్మాన్ని చూస్తోంది. “వరండాలో కూడా ఆకులు వెయ్యి. మెట్ల మీద... వీధి చివరిదాకా.”

వరండాలో ఎవరో చతికిలబడిన చప్పుడైంది.

ఆ పక్కన ఇంకొకరు.

ఆ పక్కన ఇంకొకరు...