పన్నెండో ఫారం

నేను కుట్టిన పుస్తకం ఊడిందని నలభై ఆరేళ్ళలో ఎవరూ అనలేదు. ఈ మాట ముందే చెప్పిపెడుతున్నాను. తర్వాత చెబితే ఎవరూ పట్టించుకోరు.

లైబ్రరీ మెట్లు కిందికి దిగితే కుడివైపు చివరి గది నాది. ఒక పొడుగు బల్ల, ఇనప ప్రెస్సు, జిగురు గిన్నె, దారపు ఉండలు. పైన గోడలో చిన్న కిటికీ. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. చెప్పులు చూసి మనిషిని చెప్పగలను నేను. చిరిగిన పుస్తకాలు పైనుంచి నాకు పంపుతారు. విప్పి, మళ్ళీ కుట్టి, అట్ట వేసి పైకి పంపుతాను. లోపల ఏం రాశారో నాకు అక్కర్లేదు. నా చదువు కూడబలుక్కునేంతే. పదహారు పేజీలు కలిపి మడిచిన కాగితాన్ని మేం ఫారం అంటాం. ఫారాలు వరసగా పేర్చి, మడతల్లోంచి దారం పోనిచ్చి కుడితే పుస్తకం. ఇందులో దెయ్యానికి చోటెక్కడుంది?

సాయంత్రం పూట నా మనవరాలు బడి నుంచి నేరుగా నా గదికి వస్తుంది. దాని తల్లి, అంటే నా కూతురు, ఆసుపత్రిలో నర్సు. అది డ్యూటీ దిగేదాకా పిల్ల నా దగ్గరే. పదమూడేళ్ళు. ఏడాదిలో కాళ్ళు జానెడు సాగాయి. మిడత అని పేరు పెట్టాను. ఈమధ్య ఆ పేరుతో పిలిస్తే పలకడం మానేసింది. పలక్కపోతే పోనీ, నేను పిలవడం మానలేదు.

వానలు మొదలైన వారం ఆ పుస్తకం వచ్చింది. నీలం అట్ట. పిల్లల కథ. పన్నెండు ఫారాలు ఉండాలి, పదకొండే ఉన్నాయి. కౌంటర్లో కూర్చునే ఆవిడ స్వయంగా పట్టుకొచ్చింది. మిషను కుట్టయితే గట్టిగా ఉంటుందని ఒకసారి పైవాళ్ళతో అన్న మనిషి ఆవిడే. ఎనిమిదేళ్ళయింది. నేను మరిచిపోలేదు.

"మామ్మగారూ, పోయిన నెలే మీరు కుట్టారు. చివరి భాగం ఊడిపోయింది."

"ఊడలేదు. పీకారు. దారం చూడు, నున్నగా తెగింది."

"ఏదైతేనేం లెండి."

"ఏదైతేనేం అంటే ఎలా? ఊడితే తప్పు నాది. పీకితే తప్పు నీది. కౌంటర్లో కూర్చుని చేసేదేమిటి నువ్వు? గోళ్ళు చూసుకోవడమా?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కూడా గుర్తుంది.

పోయిన ఫారం పుస్తకాలు తిరిగిచ్చే డబ్బాలో అడుగున దొరికింది. నలగకుండా, మడత చెడకుండా ఉంది. దాన్ని మళ్ళీ కుట్టి పంపాను. పది రోజులకి పుస్తకం పదకొండు ఫారాలతో తిరిగొచ్చింది. పన్నెండోది ఈసారి బీరువా వెనక దొరికింది. మళ్ళీ కుట్టాను. మళ్ళీ వచ్చింది. ఈసారి పుస్తకంలో ఒక చీటీ పెట్టి పంపారు. వేలు పెట్టి చదివాను. కు...ట్టు. బ...ల...హీ...నం.

ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

ఆ పుస్తకం కోసం పదిహేను మంది పిల్లలు పేర్లు రాసుకుని ఎదురుచూస్తున్నారట. మిడత మూడుసార్లు తీసుకెళ్ళిందట.

"ఏముందే అందులో?" అని అడిగాను.

"ఒకరోజు పొద్దున లేచేసరికి లోకంలో పెద్దవాళ్ళంతా మాయమైపోతారు అమ్మమ్మా. ముగ్గురు పిల్లలు మిగులుతారు. పొయ్యి వాళ్ళే వెలిగించుకోవాలి, జబ్బు చేస్తే వాళ్ళే చూసుకోవాలి. అలాగే పెద్దవుతారు."

"లోకం మునిగిపోవడం మీద అంత మోజేమిటి మీకు? తిన్నగా ఉన్న లోకం చేదా?"

అది ఉండలోంచి దారం లాగి వేలికి చుట్టుకుంది. "లోకం తిన్నగా ఉన్నంతసేపూ మేం పెద్దవడం ఎవరికీ కనపడదు. నువ్వు చిన్నదానివి, ఊరుకో అంటారు. ఆ కథలో అనేవాళ్ళు ఉండరు."

"నన్ను పన్నెండో ఏట బైండింగు షాపులో పడేశారు. మా నాన్న పోయిన పదో రోజు. అదీ లోకం మునగడమే. దానిమీద ఎవరూ కథ రాయలేదు."

"అప్పుడు నిన్నెవరైనా చిన్నదానివి, ఊరుకో అన్నారా?"

"ఎవరంటారు?"

"అదే మరి," అంది. ఏదో గెలిచినట్టు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఏడ్చిన ఏడుపు దీనికి సరదాగా ఉందా? అందుకే మర్నాడు ఆ పని చేశాను. ఫారం పీకుతున్నది ఇదే అని ఖాయం చేసుకుని, పైన కౌంటరు దగ్గర, క్యూలో పిల్లలంతా చూస్తుండగా దాని బ్యాగు బల్లమీద బోర్లించాను. పుస్తకాలు, పెన్సిళ్ళు, బిస్కెట్టు ముక్కలు. అడుగు నుంచి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి జారి నేలమీద పడింది. ఆడవాళ్ళకి చూడగానే తెలుస్తుంది అదేమిటో. క్యూలో ఉన్న మగపిల్లలకీ తెలిసింది. ఒకడు కిసుక్కుమన్నాడు.

అది ఆ వయసుకి వచ్చిందని నాకు తెలియదు. నాకు చెప్పలేదు.

ఫారం మాత్రం లేదు. మిడత వంగి అన్నీ ఒక్కొక్కటే ఏరుకుంది. నావైపు చూడలేదు. నేను పొరపాటైందని అనలేదు. పెద్దవాళ్ళు అనరు. నేను మటుకు అనను. ఆ తర్వాత తొమ్మిది రోజులు అది నాతో మాట్లాడలేదు. నా గదిలోనే కూర్చుని, నేను గోడనైనట్టు హోంవర్కు చేసుకునేది.

ఈలోగా ఆ ఫారం పాత పేపర్ల కట్టలో దొరికితే కుట్టి పంపాను. తొమ్మిదో రోజు పుస్తకం నాలుగోసారి వచ్చింది. ఫారం తుడుపుగుడ్డల బుట్టలో దొరికింది.

ఇక చాలనుకున్నాను. మడత కుట్టు కాదు ఈసారి. పన్నెండు ఫారాలూ కలిపి బిగించి, పక్కనుంచి దబ్బనంతో ఏడు బెజ్జాలు పొడిచాను. మైనం పట్టించిన రెండు పేటల దారం అన్నిట్లోంచీ ఈ పక్కనుంచి ఆ పక్కకి పోనిచ్చి ముడేశాను. ఇప్పుడు ఒక్క ఫారం పీకాలంటే పుస్తకం మొత్తం చింపాలి. "రండి, ఇప్పుడు పీకండి," అన్నాను గాలితో.

బయట వాన. సాయంత్రం ఐదింటికే కిటికీ నల్లబడింది. తలుపు గాలికి కొట్టుకుంటోందని గడియ వేశాను. తడి సున్నం వాసన, పులిసిన జిగురు వాసన. మిడత తల ఎత్తి నా చేతిలో పుస్తకం చూసింది. మొహం పాలిపోయింది.

"ఏం చేశావు?"

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట.

"నా పని చేశాను."

"విప్పెయ్. అమ్మమ్మా, త్వరగా విప్పెయ్. చదివినవాళ్ళం ఎవరో ఒకళ్ళం తీసేస్తాం దాన్ని. చదవడం అయ్యాక పన్నెండోది పుస్తకంలో ఉండకూడదు."

"ఆహా! దొంగలంతా ఒక జట్టన్నమాట. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతావా నువ్వు? నా బ్యాగునే నమ్మలేదు."

అది గొంతు తగ్గించింది. "చివర్లో పెద్దవాళ్ళు తిరిగొస్తారు. సాయంత్రం పూట వచ్చి తలుపు కొడతారు."

"రానీ. మంచిదేగా?"

"చాలా మంచిగా ఉంటారు అమ్మమ్మా. అస్సలు తిట్టరు. అందుకే భయం."

అప్పుడే దీపం పోయింది.

చీకటి కాదు పూర్తిగా. కిటికీలోంచి బూడిదరంగు వెలుగు. మామూలుగా ఆ వేళకి వీధిలో జనం ఆఫీసుల నుంచి ఇళ్ళకి పోతుంటారు. కిటికీ వైపు చూశాను. ఒక్క కాలు లేదు. పైన కుర్చీలు జరిపే చప్పుడు లేదు. వాన చప్పుడు కూడా ఎప్పుడో ఆగిపోయింది... కానీ గాజుమీద చినుకులు జారుతూనే ఉన్నాయి.

మెట్లమీద అడుగులు. మెల్లగా. కుడికాలు కొంచెం ఈడుస్తూ.

నా కుడి మోకాలు నొప్పి. నేనూ అలాగే దిగుతాను.

తలుపు మీద మూడు దెబ్బలు.

"తలుపు తియ్యమ్మా," అంది బయటి గొంతు. మిడతని బళ్ళో రాయించిన పూర్తి పేరుతో పిలిచింది. "తడిసిపోయాను."

ఆ గొంతు నాది. చివర్లో వచ్చే పొడిదగ్గు కూడా నాదే.

మిడత నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"ఎవరది?" అని అరిచాను. అరిచాననుకున్నాను. గుసగుసే వచ్చింది.

బయటి గొంతు నన్ను పట్టించుకోలేదు. "ఆరోజు బ్యాగు సంగతి... తప్పు నాదేనమ్మా. నలుగురిలో అలా చెయ్యకూడదు. నువ్వు పెద్దదానివయ్యావు. నేనే చూసుకోలేదు."

మిడత చేతివేళ్ళు వదులయ్యాయి. కళ్ళనిండా నీళ్ళు.

"అది నేను కాదే!" అన్నాను. "నేనెప్పుడైనా అలా మాట్లాడానా?"

"లేదు," అంది తలుపు వైపే చూస్తూ. "ఒక్కసారి కూడా లేదు."

ఒక అడుగు వేసింది. జబ్బ పట్టి వెనక్కి లాగాను. "కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా! ఇప్పుడే చెప్పావు కదే, తిట్టనివాళ్ళే మోసం అని! బుర్ర ఉందా?"

విదిలించుకుంది. ఇంకో అడుగు.

"ఆకలేస్తోందా నాన్నా?" అంది బయటి గొంతు, ఎంతో మెత్తగా.

ఏం చెయ్యాలి నేను? తిడితే అది నా చేతుల్లోంచి జారిపోతోంది. నా గొంతే నాకు అడ్డం తిరిగింది. జీవితంలో ఎవరి ముందూ వంచని తల వంచాను. గొంతు తగ్గించాను. ఆ మాట ఎలా అనాలో కూడా తెలియదు నాకు. కూడబలుక్కున్నాను.

"తప్పు నాదే తల్లీ. నీ మనసు కష్టపెట్టాను. నన్ను... నన్ను మన్నించు."

మిడత గిరుక్కున తిరిగింది. నా మొహం చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ... నాకు దూరంగా... తలుపుకి దగ్గరగా...

"నువ్వు... నువ్వెవరు?" అంది.

తలుపు అవతల ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. వింటున్నట్టు. నేర్చుకుంటున్నట్టు.

తర్వాత తలుపు దడదడలాడింది. "ఏమే మిడతా! చెవుడొచ్చిందా? తీస్తావా, కాళ్ళు విరగ్గొట్టమంటావా?" పొడిదగ్గు.

"అమ్మమ్మా!" అని ఏడుస్తూ గడియ దగ్గరికి పరుగెత్తింది మిడత.

నాకు పరుగు రాదు. చేతికందింది బల్లమీది కత్తి ఒక్కటే. పుస్తకం లాక్కుని మొదటి కుట్టు మీద వేశాను. తెగలేదు. నా కుట్టు అంత తేలిగ్గా తెగదు. నలభై ఆరేళ్ళ పొగరు అది. కోశాను. వేలు తెగింది. రెండు. గడియ కిర్రుమంది. మూడు... నాలుగు... తుప్పు పట్టిన గడియ సగం కదిలింది. బయట ఊపిరి వినిపిస్తోంది. ఐదు. ఇక కొయ్యలేక, మోకాలికి తన్నిపెట్టి, పన్నెండో ఫారం పట్టి లాగాను. అట్ట చిరిగింది. దారం అరిచేతిలోకి దిగింది.

ఫారం ఊడి వచ్చింది.

గడియ కూడా వచ్చింది.

తలుపు జానెడు తెరుచుకుంది. అవతల ఎవరూ లేరు. మెట్లు, మెట్లమీద పైగదుల వెలుగు. కిటికీలో కాళ్ళు గబగబా ఇళ్ళకి పోతున్నాయి. వాన చప్పుడు తిరిగొచ్చింది. పైకి వెళ్ళి అడిగితే, "కరెంటు పోలేదే మామ్మగారూ," అంది కౌంటరావిడ.

ఫారాన్ని జిగురు కాచే పొయ్యిలో కాల్చేశాను. మిగిలిన పుస్తకం ఆవిడ ముందు పడేసి, "నా కుట్టు బలహీనమే. రాసుకో," అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు.

మూడు వారాలైంది. మిడత ఇప్పుడు చాలా బుద్ధిగా ఉంటోంది. ఆ పేరుతో పిలిస్తే వెంటనే పలుకుతోంది. అడక్కుండానే మంచినీళ్ళు తెస్తోంది. ఎదురుమాట లేదు. కూతురు మురిసిపోయి, "ఏం మంత్రం వేశావమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ పిల్ల ఒక్కసారి నామీద విసుక్కుంటే చాలు. రెచ్చగొట్టి చూశాను. కాళ్ళు పొడుగన్నాను, పొట్లం సంగతి కూడా ఎత్తాను. నవ్వి ఊరుకుంది. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

నిన్న ఆదివారం. కూతురు డ్యూటీలో ఉంది. భోజనం చేసి, ఎప్పట్లాగే ముందుగదిలో చాపమీద నడుం వాల్చాను. కళ్ళు మూసుకున్నానే గాని నిద్ర పట్టలేదు. కాసేపటికి మిడత వచ్చి నా మొహం మీదికి వంగింది. దాని ఊపిరి నా చెంపకి తగిలింది. చాలాసేపు అలాగే చూసింది.

తర్వాత చప్పుడు కాకుండా వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. కింద కూర్చుని, తలుపు సందుకి నోరు ఆనించి, మెల్లగా అంది.

"కాసేపాగు అమ్మమ్మా. ఇంకా నిద్రపోలేదు."