నోరు ఆగిన చోట

ఉదయం ఏడున్నరకు వంటింటి బల్ల దగ్గర పరీక్ష మొదలైంది. ఒక పక్క అత్తగారు, ఎదురుగా కోడలు, మధ్యలో చల్లారిపోతున్న టీ.

అత్తగారు ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చర్చి సంఘంలో ఆదివారం బడి మాత్రం ఇంకా ఆమెదే. పిల్లలు చాటుగా 'బెత్తం టీచరు' అనుకునేవారు. ఆవిడ బెత్తం ఏనాడూ పట్టలేదు, ఆ చూపే సరిపోయేది. బాప్తిస్మం కోరినవాళ్లకు పాఠం చెప్పి, వాళ్లు తయారయ్యారో లేదో పాస్టరుగారికి చెప్పడం కూడా ఆవిడ పనే.

ఈసారి కూర్చున్నది సొంత కోడలు. లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. దేవుడి ఊసే లేని ఇంట్లో పెరిగిన పిల్ల, పెళ్లయిన రెండేళ్లకు తనంతట తానే వచ్చి, "నేనూ నమ్ముకుంటానత్తయ్యా" అంది. ఆ రోజు టీచరమ్మ కాళ్లు నేలమీద ఆనలేదు. అయితే నాలుగు వారాలుగా ఆ అమ్మాయి యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో ఒక్క చోటే ఆగిపోతోంది. తప్పులు మన్నించమని అడిగే మాట దగ్గర.

ఇవాళా అక్కడే ఆగింది.

"రెండు వాక్యాలమ్మా! ఐదేళ్ల పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఎల్లుండే ఆదివారం. పాస్టరుగారికి నేనేం చెప్పను?"

"ఆ పరీక్ష అయ్యేదాకా నాకు టిఫిన్ లేనట్టేనా అమ్మా?" అన్నాడు కొడుకు బూట్ల లేసులు కట్టుకుంటూ.

"నువ్వూరుకో. నోటికే రానిది గుండెలోకి ఎలా వస్తుంది? ఈసారికి వద్దని చెప్పేస్తాను."

కోడలు తలెత్తింది.

"మర్చిపోలేదత్తయ్యా. మొదటి వారంలోనే వచ్చేసింది. కానీ అక్కడికొచ్చేసరికి మా నాన్న గుర్తొస్తాడు. నా పన్నెండో ఏట మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు. మేం క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అంటే, దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదా?" అత్తగారి వైపు సూటిగా చూసి అడిగింది. "మీరెలా చెప్తారత్తయ్యా? మీ చెల్లెలు, చిన్నత్తయ్య పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోతారు కదా. దెప్పట్లేదు, ఒట్టు. దారేదన్నా ఉంటే నాకూ నేర్పండి."

టీచరమ్మ పుస్తకం టప్పున మూసి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

'నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల, నాకు చెప్తుందా!' అనుకుంది. పంతానికి మంచం అంచున కూర్చుని ప్రార్థన పైకే మొదలుపెట్టింది. చిన్న స్టేషన్లో ఆగని రైలులా ఇన్నేళ్లూ దూసుకుపోయిన ఆ మాట దగ్గర ఇవాళ నోరు పెగల్లేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

పదకొండేళ్ల కిందట అమ్మ పోయింది. తను ప్రయాణం చేసి వచ్చేసరికి గంట ఆలస్యమైంది. చెల్లెలు ఆగకుండా పెట్టె మూత వేయించి, సమాధి చేయించేసింది. కడసారి ముఖం చూసుకోలేకపోయిన అక్క, ఆ పచ్చిమట్టి దగ్గరే చెల్లెలితో మాట తెంచుకుంది.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. చెల్లెలు కుట్టుపని చేసే మేడమీది గదికి మెట్లెక్కుతుంటే ఆయాసం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. తలుపు తీసిన చెల్లెలి మెడలో కొలత టేపు వేలాడుతోంది. జుట్టు సగానికి పైగా నెరిసిపోయింది.

"అక్కా..."

"క్షమించానని చెబుదామని బయల్దేరాను. మెట్లెక్కుతుంటే తెలిసింది, ఇంకా క్షమించలేదని. అయినా వచ్చాను. ఒక్క గంట ఎందుకాగలేదే?"

చెల్లెలు సాకులేమీ చెప్పలేదు. "వానొచ్చేలా ఉందన్నారు. అందరూ తొందరపెట్టారు. ఆగాల్సిందక్కా. ఆగమని గట్టిగా అనలేకపోయాను. తప్పు నాదే. రోజూ అనుకుంటా, వచ్చి చెప్పే మొహం లేక..."

కుట్టుమిషను పక్కనున్న ఒక్క స్టూలు మీదే ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని, అమ్మ కోసం కలిసి ఏడ్చారు. పదకొండేళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపది.

టీచరమ్మ ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. కోడలు గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. "పొద్దున నోరు జారానత్తయ్యా. తప్పయిపోయింది."

"జారింది నీ నోరు కాదే. చిలకలా వల్లించడమే నమ్మకమనుకుని నేను జారాను. మీ చిన్నత్తయ్య దగ్గర్నుంచే వస్తున్నా. కోపం పూర్తిగా కొట్టుకుపోయిందని చెప్పను. కానీ తలుపు తెరిచాం. నాకు చేతకానిది దేవుడు చేయిస్తాడని ఇవాళే తెలిసొచ్చింది, ఈ వయసులో!"

"మరి మా నాన్న..."

"ఇవాళే కాదులే. నీకు వెళ్లాలనిపించిన రోజు చెప్పు, నీ పక్కన నేనుంటాను."

అంతలో ఫోను మోగింది. పాస్టరుగారు.

"అమ్మా, మీ కోడలు తయారైనట్టేనా?"

టీచరమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తయారండీ. అన్నట్టు, వచ్చే తరగతిలో నా పేరు కూడా రాసుకోండి. చెప్పడానికి కాదు, కూర్చుని నేర్చుకోవడానికి."