వదులు మూతల ఇల్లు

ఆ ఇంట్లో ఒక్క మూత కూడా బిగించి ఉండదు. పొద్దున్నే ఇంటాయన లేచి, ముఖమైనా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళి, పంచదార డబ్బా నుంచి నూనె సీసా దాకా అన్నిటి మూతలూ వదులు చేసి పెడతారు. భార్యకి కీళ్ళ వాపు జబ్బు. పిడికిలి ముడుచుకోక ఏళ్ళయింది. టైలరమ్మగా వీధంతా పేరున్న మనిషికి గుండీలు కూడా కూతురే పెడుతుంది. వేళ్ళకి బలం పెట్టాల్సిన ఒక్క పనీ ఆవిడని ముట్టుకోనివ్వరు. ప్రేమంటే అదేనని వాళ్ళ లెక్క, ఏం చెబుతాం!

ఆ రోజు పెద్దాడు హడావుడిగా పై అరలోంచి నూనె సీసా తీశాడు. మూత చేతిలో మిగిలింది, సీసా భళ్ళున పగిలింది. నూనెలో కాలు జారి గాజుపెంకుల మీద పడ్డాడు. మోచేయి చీరుకుపోయి రక్తం బొటబొటా కారింది.

"ఛీ! ఇది ఇల్లా, పిచ్చాసుపత్రా?" పంచదార డబ్బా తీసి గోడకేసి కొట్టాడు.

"అమ్మ కోసం పెట్టినవిరా అవి! కళ్ళు నెత్తికెక్కాయా?" చెల్లెలు అరిచింది.

"అమ్మ కోసమా? రోజూ ఆ కుట్టుమిషను ముందు కూర్చుని ఏడుస్తోంది, నీకు కనబడదూ? ఇవాళే దాన్ని పట్టుకుపొమ్మని ఒకతనికి చెప్పేశాను. కాసేపట్లో వస్తాడు."

ముందుగదిలో మిషను పక్కనే ఉన్న తల్లి ఆ మాట వింది. ఆ మిషను మీదే ఇద్దరు పిల్లల్నీ పెంచింది. అది పోతే తను ఇక టైలరమ్మ కాదు, రోగి.

చిన్నది కొలతబద్ద అందుకుని అన్న వీపు మీద ఫటీమని ఒక్కటిచ్చింది. "ముట్టుకో దాన్ని, చూస్తా!"

వాడు బద్ద లాక్కుని విరిచేసి, చెల్లెలి జుట్టు పట్టుకుని ఈడ్చాడు. తండ్రి పరుగున వచ్చి వాడి చెంప ఛెళ్ళుమనిపించారు. వాడికి ఒళ్ళు తెలియలేదు. తండ్రి కాలరు పట్టి గోడకేసి అదిమి పిడికిలెత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. తల్లి ముందుగదిలోంచి వచ్చి, వెనక నుంచి వాడి మణికట్టు పట్టుకుంది.

"నాన్న మీద చెయ్యెత్తుతావురా? కొట్టు, ఎలా కొడతావో చూస్తాను!"

"వదులమ్మా! నొప్పి! ఎముక విరుగుతోంది!"

ఎంత గింజుకున్నా ఆ చెయ్యి రాలేదు. ఆవిడ ఐదు వేళ్ళూ వాడి మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. నలుగురూ వాటినే చూస్తున్నారు.

ఆవిడ మెల్లగా వదిలింది. పిడికిలి ముడిచింది, విప్పింది, మళ్ళీ ముడిచింది.

"ఇదేమిటే, నాకు నొప్పి లేదు!"

"నాన్నా," అంది చిన్నది. "వాపు లేదు, రక్తపరీక్ష బాగుంది, పొద్దున్నే వేళ్ళు బిగుసుకోవడం కూడా పోతే జబ్బు నిద్రపోయినట్టే అని మొన్న డాక్టరమ్మ అన్నప్పుడు, మీరేం చెప్పారు?"

"అయ్యో, మూత కూడా తియ్యలేదండీ అన్నాను," అన్నారాయన, నేల చూస్తూ.

"ఎప్పుడైనా తియ్యనిచ్చామా?"

"మీరంతా రాదన్నారు. నేనూ రాదనే అనుకున్నాను," అంది తల్లి.

పెద్దాడు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నాన్న మీద లేచిన చెయ్యి ఇది. విరిచెయ్యమ్మా!"

"విరిస్తే కట్టు కట్టాల్సిందీ నేనేగా, వెధవా! ముందు నాన్న కాళ్ళు పట్టుకో, తర్వాత చెల్లెలి కాళ్ళు."

మిషను మీది కొత్త గుడ్డ తీసి, అంచు రెండు చేతులా పట్టుకుని సర్రున చించింది. ఆ చప్పుడు ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో! ఇంటాయన ముఖం కప్పుకుని బావురుమన్నారు.

ఎవరో తలుపు తట్టారు. కొడుకు మోచేతికి ఆ పీలికతో కట్టు కట్టి ముడి బిగించి, గడియ తనే తీసింది టైలరమ్మ.

"మిషను ఇవ్వం నాయనా. కుట్టాల్సిన బట్టలుంటే పట్రా."

లోపలికొచ్చి మాత్రల సీసా భర్త చేతిలో పెట్టింది. "ఇవి మానకూడదంది కదా డాక్టరమ్మ, మానను. కానీ దీని మూత బిగించండి. చేతకాని రోజు నేనే పిలుస్తాను."

ఆయన ఏడుస్తూనే మూత గట్టిగా బిగించి ఆవిడకిచ్చారు.