పడవ మీద పేరు

హత్య పట్టపగలే జరిగింది. ఆయుధం ఒక పసిపిల్ల పేరు.

పెదపాడు దగ్గర తాతారావు చేపల చెరువులో ఏరేటర్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. మబ్బు రోజున ఏరేటర్ తిరగకపోతే నీళ్ళలో చేపకి ఊపిరి ఉండదు. తాతారావు ఫోన్‌లో యాప్ తెరిచి ఆన్ నొక్కబోయాడు. పాస్‌వర్డ్ తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. అదే మాట. పడవేసుకుని అవతలి గట్టు మీది స్విచ్ దగ్గరికి చేరేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు తేలాయి. ఆ పాస్‌వర్డ్ అతని మనవరాలి పేరు.

"ఇది రిహార్సల్ మాత్రమే," అన్నారు చీఫ్ సుబ్బరాజు.

ఏలూరులో తివాచీల దుకాణం మేడ మీద ఉంది బ్యూరో. కింద బేరాలు సాగుతున్నాయి. పైన, చుట్టి నిలబెట్టిన తివాచీల మధ్య ఏజెంట్ గాయత్రి నిలబడి వింటోంది. కోడ్‌నేమ్ గూడబాతు.

సరిహద్దు అవతలి ముఠా, పేరు ఆర్కిడ్. ఇవాళ చేపల చెరువులు. పని కుదిరితే రేపు ఆసుపత్రులు, సబ్‌స్టేషన్లు. తర్వాతి టార్గెట్ కొల్లేటి లంకలో ఒక మత్స్యకారుల సొసైటీ. ఊరు ఊరంతా ఆ ఒక్క పంట మీదే బతుకుతోంది. చెరువుల యాప్ వీరలక్ష్మి అనే అమ్మాయి ఫోన్‌లో ఉంటుంది.

అన్నిటికంటే వింత ఇంకొకటి. ఆర్కిడ్ ఏ సిస్టమ్‌నీ బద్దలు కొట్టలేదు. మొదటిసారే సరైన పాస్‌వర్డ్ కొట్టి దర్జాగా లోపలికి వచ్చింది. ఎలా తెలిసిందో బ్యూరోలో ఎవరికీ అంతుపట్టలేదు.

"లంకలో మన ప్రసన్న ఉంది," అన్నారు చీఫ్. "ఏడాదిగా ఆర్కిడ్‌లో మన మనిషి. కోడ్‌వర్డ్ పాతదే. గూడబాతులు ఎటు పోయాయి?"

"నీళ్ళున్న వైపు," అంది గాయత్రి. "గాడ్జెట్, సార్?"

చీఫ్ ఫోన్ ముందుకు జరిపారు. తెర మీద ఒక యాప్. పాస్‌వర్డ్ మేనేజర్.

"తుపాకీ ఇవ్వరా సార్?"

"ఎవర్ని కాలుస్తావు? వాళ్ళు ఏ దేశంలో కూర్చున్నారో మనకే తెలీదు."

తాడేపల్లిగూడెం నుంచి చీరల మూట వేసుకుని స్కూటీ మీద వాయిదాలకి చీరలమ్మే మనిషిగా లంకలో దిగింది గాయత్రి. దిగిన మరుక్షణం ఆర్కిడ్ రహస్యం ఆమె కళ్ళెదుటే కనిపించింది. అది ఊరంతా రాసి ఉంది.

పడవ ముక్కు మీద చరణ్‌తేజ. ఆటో అద్దం మీద చరణ్‌తేజ. ఏరేటర్ షెడ్డు తలుపు మీద చరణ్‌తేజ. మలుపులో పుట్టినరోజు ఫ్లెక్సీ, దాని మీద నల్లకళ్ళజోడు పెట్టుకున్న నాలుగేళ్ళ చరణ్‌తేజ, కింద పుట్టిన తేదీ. పక్క పడవ మీద ఇంకో బిడ్డ, పక్క ఫ్లెక్సీ మీద ఆ బిడ్డ తేదీ.

వీరలక్ష్మి చీరలు వద్దంది. గాయత్రి మూట కట్టేసి, తానెవరో చెప్పి, ఆమె పాస్‌వర్డ్ కూడా చెప్పింది. కొడుకు పేరు, వెనక పుట్టిన సంవత్సరం.

వీరలక్ష్మి పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఈమెయిల్‌కీ అదే, బ్యాంకుకీ అదే, చెరువులకీ అదే. భయం కాసేపు ఉంది. తర్వాత కోపం వచ్చింది.

"మా అబ్బాయి పేరు రాసుకోవడం తప్పా అండి? నేను చెరపను."

"చెరపక్కర్లేదమ్మా. దాంతో తాళాలు వేయకండి, అంతే."

ఆమె ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కించి, ఒక్కో తలుపుకి ఒక్కో తాళం, అన్నీ ఈ యాప్ తయారుచేసి దాచుకుంటుంది, మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే అని గాయత్రి వివరించింది. అన్నీ ఒకే పెట్టెలో పెడితే ఎవరైనా పెట్టె ఎత్తుకుపోరా అని అడిగింది వీరలక్ష్మి. బ్యూరో ట్రైనింగ్‌లో గాయత్రి కూడా అదే అడిగింది.

"ఎత్తుకుపోయినా తెరవలేరు. తాళంచెవి మీ తలలో ఉంటుంది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు వరసగా పెట్టండి. ఏ ఫ్లెక్సీ మీదా ఉండనివి. మర్చిపోతే మాత్రం తిరిగి చెప్పే నాథుడు లేడు."

"పదో తరగతి మధ్యలో మానేశానండి. నావల్ల అవుతుందంటారా?"

అంటూనే గోడవైపు తిరిగి, పెదాలు కదుపుతూ, చాలాసేపు టైప్ చేసింది. ఏం పెట్టారని గాయత్రి అడిగింది.

"మీకెందుకండీ?"

ట్రైనీలు సగంమంది ఫెయిలయ్యే పరీక్ష అది. గాయత్రి నవ్వు ఆపుకుంది.

ముందు ఈమెయిల్, అంది. మిగతా తలుపులన్నిటికీ కొత్త తాళంచెవి అక్కడికే వస్తుంది. యాప్ అర్థంపర్థం లేని పొడవాటి పాస్‌వర్డ్ అల్లింది. ఈమెయిల్ మారింది. దానికి తోడు ఫోన్‌కి కోడ్ వస్తేనే తెరుచుకునేలా రెండో గడియ కూడా పడింది. ఇక చెరువుల యాప్.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. పట్టుచొక్కా, ఖరీదైన సెంటు, భుజాన మూరెడు లెన్స్ కెమెరా. పక్షుల ఫొటోలకి వచ్చినావిడ, మా పడవని కూడా ఫొటో తీసింది అంది వీరలక్ష్మి.

"గూడబాతులు ఎటు పోయాయి?" గాయత్రి మెల్లగా అడిగింది.

"నీళ్ళున్న వైపు," అంది ప్రసన్న.

గాయత్రి భుజాలు తేలికపడ్డాయి. అదే క్షణంలో, పొద్దుటినుంచి చెవుల్లో హోరెత్తుతున్న ఏరేటర్ల చప్పుడు ఆగిపోయింది.

ఆకాశం నిండా మబ్బు. చెరువులో బొచ్చె చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. వీరలక్ష్మి భర్త శివాజీ షెడ్డువైపు పడవ తోశాడు. షెడ్డు అవతలి గట్టున ఉంది. అతను చేరేవరకూ చేప ఆగదు.

వీరలక్ష్మి యాప్ తెరిచింది. పాస్‌వర్డ్ తప్పు. ఎవరో మార్చేశారు.

"మర్చిపోయాను అని నొక్కండి," అంది గాయత్రి. "కోడ్ మీ ఈమెయిల్‌కి వస్తుంది."

ఈమెయిల్ తెరవాలంటే మేనేజర్ తెరవాలి. మేనేజర్ తెరవాలంటే ఆ మాటలు. వీరలక్ష్మి తొందరలో ఒకసారి తప్పు కొట్టింది. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు.

ప్రసన్న చెయ్యి చాపింది. "టైం లేదమ్మా. ఆ మాటలు చెప్పు, నేను కొడతాను. ఫోన్ ఇటివ్వు."

గాయత్రి కూడా ఇవ్వమనే చెప్పబోయింది. బ్యూరో మనిషి, కోడ్‌వర్డ్ సరిపోయింది.

"ఇవ్వను," అంది వీరలక్ష్మి. "మీకూ చెప్పను, ఈ అక్కకీ చెప్పను. ఏమైనా సరే నా చేత్తోనే కొడతాను."

పిల్లాణ్ణి చంకనెత్తుకుని, ఒంటిచేత్తో, ఒక్కో అక్షరం కొట్టింది. పెట్టె తెరుచుకుంది. ఈమెయిల్ తెరుచుకుంది. కోడ్ వచ్చింది. చెరువులకి కొత్త పాస్‌వర్డ్ పడింది. మిగతా ఫోన్లన్నిటినీ బయటికి పంపాలా అని యాప్ అడిగింది.

"పొండి," అని నొక్కింది వీరలక్ష్మి.

ప్రసన్న కెమెరా సంచిలో ఏదో టింగుమంది.

గాయత్రి సంచి జిప్ లాగింది. లోపల ట్యాబ్. తెర మీద వీరలక్ష్మి చెరువుల యాప్, దాని కింద: మిమ్మల్ని లాగౌట్ చేశాం. ప్రసన్న గుమ్మం దాటేలోపు గాయత్రి చీరల మూట విప్పింది. గట్టి అంచున్న నేతచీర చేతులు కట్టేయడానికి బాగా పనికొస్తుంది.

దూరంగా ఏరేటర్లు మళ్ళీ హోరెత్తాయి. చేపలు ఒక్కొక్కటే నీళ్ళ కిందికి దిగాయి.

సాయంత్రానికి లంకలో ఇంటింటా మేనేజర్ పడింది. పెయింటర్ హెన్రీ వచ్చి పేర్లన్నీ చెరిపెయ్యాలా అని అడిగితే, వీరలక్ష్మి తమ పడవ మీది పేరు ఇంకా పెద్దగా రాయమంది. ఇప్పుడది మా అబ్బాయి పేరండీ, తాళంచెవి కాదు, అంది.

గాయత్రి ఏలూరుకి ఫోన్ చేసింది.

"మన కోడ్‌వర్డ్ ఎప్పటిది సార్?"

తాను బ్యూరోలో చేరినప్పటిదని చీఫ్ ఒప్పుకున్నారు. కొత్తది కావాలి, ఆ అమ్మాయినే ఒకటి తయారుచేసి పెట్టమను అన్నారు.

"చేసి పెడుతుంది సార్. కానీ మనకి చెప్పదు."