ఒక్క కోర్సు, రెండు చెవులు

మూడు రోజులుగా ఆ మనిషి ఎదురుగా ఇరానీ హోటల్ రేకుల కింద నిలబడి తమ కొట్టు వైపే చూస్తున్నాడు. టీ తాగుతాడు, నిలబడతాడు, మళ్ళీ టీ తాగుతాడు. గోడకు ఆనడు, కూర్చోడు, ఫోనైనా తీయడు. ఫోను చూడకుండా ఊరికే నిలబడ్డ మగవాణ్ణి నాంపల్లిలో చూసి మనస్వినికి చాలా కాలమైంది.

స్టేషను నుంచి ఆబిడ్స్‌ వైపు వచ్చే ఒక సన్నని గల్లీలో ఆమె తండ్రి శ్యామ్‌సుందర్‌కు హార్మోనియంలు బాగుచేసే కొట్టు ఉంది. భజన మండళ్ళ వాళ్ళు, సంగీతం మాస్టర్లు తప్ప ఆ గల్లీలోకి ఎవరూ తల తిప్పి చూడరు. నాలుగో రోజు ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని రోడ్డు దాటింది.

"ఏం గావాలె మీకు?"

"ఏం వద్దండి. చూస్తున్న."

"అది నాకు గూడ కనబడుతుంది. ఏం చూస్తున్రు?"

"పని," అన్నాడతను, స్క్రూడ్రైవర్ వైపు ఒక చూపు వేసి.

అతని పేరు సురేందర్. సిద్దిపేట దగ్గరి పల్లెలో తండ్రి బీరయ్యకు గొర్ల మంద ఉంది. పద్దెనిమిదేళ్ళకే మిలిటరీకి పోయి, అక్కడి బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, బదిలీలు అయ్యేసరికి తన పెళ్ళి సంగతి అందరూ మరిచిపోయారట. వచ్చే ఏడు పింఛను మీద బయటికి వచ్చేస్తాడు. అలా వచ్చేవాళ్ళకు మిలిటరీ ఒక కోర్సు నేర్పిస్తుంది, ఫీజులో ఎక్కువ భాగం అదే కడుతుంది, నేర్చుకునే రోజుల్లో జీతమూ ఆగదు. కానీ ఒక్కసారే. తోటివాళ్ళంతా కళ్ళు మూసుకుని సెక్యూరిటీ కోర్సు రాసి ఇస్తున్నారు.

"పదిహేనేండ్లల్ల నన్ను అడిగింది ఒక్కటే, బూట్ల సైజు," అన్నాడు. "ఇప్పుడు ఉన్నట్టుండి నీకేం గావాలె అంటున్నరు. నాకేం తెలుసు? అందుకే లీవు పెట్టి, ఏ పని ఎట్లుంటదో తిరిగి చూస్తున్న."

బేకరీ ముందు రెండు రోజులు, గడియారాల షాపు ముందు ఒక రోజు నిలబడ్డాడట. గడియారాల ఆయన పోలీసులను పిలుస్తానన్నాడట. మనస్వినికి నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. సీఐడీ లాగా బయట నిలబడే బదులు లోపలికి వచ్చి చూడమంది.

ఆ రోజు నుంచి అతను కొట్టులోనే కూర్చున్నాడు. ఇన్నేళ్ళు వాయిద్యం పాడైతే ఎవరి చేతికో ఇచ్చేసేవాడు, లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు. శ్యామ్‌సుందర్ మూత తీసి, తిత్తిని, వరుసగా పేర్చిన ఇత్తడి రీడ్లను చూపిస్తుంటే, గర్భగుడి తలుపు తీసినప్పటిలా చూశాడు. ఈ రీడు కొసన గీస్తే స్వరం ఎందుకు పెరుగుతుంది, మొదట గీస్తే ఎందుకు తగ్గుతుంది అని అడిగాడు. అతను ఉస్తాద్ అని పిలిచినప్పుడల్లా పెద్దాయన ముఖం వెలిగింది. మనస్వినికి మాత్రం ఆ ప్రశ్నలు వింటుంటే కొంచెం ముచ్చట, కొంచెం భయం.

భయానికి కారణం ఉంది. తండ్రి మధ్యాహ్నం అన్నం తిని ఇంట్లో కాసేపు నడుం వాల్చే వేళ, ఆయన పొద్దున శృతి చేసిన హార్మోనియం పెట్టెలను ఆమె మళ్ళీ విప్పుతుంది. రెండేళ్ళుగా ఆయనకు పై స్వరాలు సరిగా వినపడడం లేదు. దవాఖానకు పోదామంటే, నాకేమైందని అడుగుతాడు. చెవి పోయిందని భజన మండళ్ళకు తెలిస్తే కొట్టు మూతపడుతుంది, అంతకు ముందే ఆయన గుండె మూతపడుతుంది. ఆమెకు వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపడానికి కూడా అదే కారణం. తను వెళ్ళిపోతే మధ్యాహ్నాలు ఆ పని ఎవరు చేస్తారు?

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సురేందర్ తడిసి లోపలికి వచ్చేసరికి ఆమె చేతిలో ఆకురాయి, ముందు విప్పిన పెట్టె. అతను తలుపు దగ్గరే ఆగాడు.

"పొద్దున పై నిషాదం దిగి ఉండె. నిన్నటి పెట్టెల గూడ గంతే. సాయంత్రానికి సరైంది," అన్నాడు మెల్లగా. "మీరేనా?"

ఆమె ఆకురాయి కింద పెట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె అడగబోయేలోపే అతనే, నేనెవరికీ చెప్పనని అన్నాడు. తర్వాత ఆమె జవాబు కోసం చూడకుండా పెంటయ్య గురించి చెప్పాడు. పెంటయ్య బ్యాండులో పెద్ద డోలు వాయించేవాడు. చెవి మందగిస్తే దాచాడు. ఎవరేమన్నా నవ్వేవాడు, తల ఊపేవాడు. చివరికి మెస్సులో అందరికీ దూరంగా కూర్చుని తినేవాడట.

"చెవి పోయినందుకు గాదు, దాచినందుకు ఒంటరోడైండు," అన్నాడు సురేందర్.

వాన తగ్గేలోపు ఆమె రీడు సరిచేసింది, అతను మెట్టు నొక్కి చూశాడు. సరిపోయిందన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నిషాదం కన్నా ఒక క్షణం ఎక్కువసేపు నిలిచింది.

లీవు ముగిసే ముందు రోజు శ్యామ్‌సుందర్ అతణ్ణి కూర్చోబెట్టి పెద్దరికంగా మాట్లాడాడు. ఈ పని అన్నం పెట్టేది కాదని, పిల్లలంతా కరెంటు కీబోర్డులు కొంటున్నారని, సర్కారు ఇచ్చిన ఒక్క అవకాశాన్ని ఇక్కడ పారబోసుకోవద్దని చెప్పాడు. తన బిడ్డ మీద మనసుండి ఈ పని ఎంచుకుంటే అది ఇద్దరికీ మోసమే అవుతుందని కూడా అన్నాడు. మనస్విని తల ఎత్తలేదు. ఇంతకీ ఏం రాసిచ్చావని పెద్దాయన అడిగాడు.

"చెవి మిషన్లు అమర్చే పని, ఉస్తాద్. వాళ్ళు ఇచ్చిన కోర్సులల్ల లేదు. అడిగిన. అడిగితే ఇస్తరంట, అడగొచ్చని ఎవరికీ తెల్వదు."

శ్యామ్‌సుందర్ ముందు అతణ్ణి చూశాడు, తర్వాత కూతుర్ని.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. నేను విన్న."

పెద్దాయన పెట్టె మూత నెమ్మదిగా దించాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. "లీవు అయిపోయిందన్నవు గద. పోయిరా, బిడ్డా," అన్నాడు, అంతే.

మనస్విని గల్లీ చివరిదాకా అతని వెంట వెళ్ళింది. చెప్పనని మాట ఇచ్చి ఇదేమిటని నిలదీసింది. చెప్పలేదని, ఉస్తాద్ అడిగినదానికి అబద్ధం ఆడలేకపోయానని అన్నాడు. ఆమెకు అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది.

"ఒక్కసారే దొరికే కోర్సు. మా కోసం ఎంచుకున్నరా?"

"సగం మీ కోసం. సగం పెంటయ్య కోసం. మీరు రేపు నా మొఖం చూడనన్నా, పెంటయ్య సగం ఉంటది. నేను గిదే చదువుత."

ఆమె కోపం ఆ జవాబు దగ్గర ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు కొట్టులో మాటలు తగ్గాయి. ఒక తెల్లవారుజామున తండ్రి దీపం ముందు కూర్చుని తనలో తాను అనుకున్నది వంటింట్లోకి వినిపించింది. ముప్ఫై ఏండ్ల సంది నీ భజనలకే శృతి చేసిన గద స్వామీ, తీసుకోవడానికి నా చెవే దొరికిందా, అని. మనస్విని చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. దేవుడు జవాబు చెప్పాడో లేదో ఆమెకు తెలియదు. ఒక్కోసారి జవాబు చెప్పడం కన్నా, అడగనివ్వడమే ఆయన దయేమో అనిపించింది.

ఆ రోజే చాదర్‌ఘాట్ భజన మండలి జానకమ్మ పెట్టె తీసుకుని వచ్చింది. శ్యామ్‌సుందర్ దాన్ని ముట్టుకోలేదు. కూతురి ముందుకు జరిపాడు.

"పై స్వరాలు నాకు వినస్తలేవు, జానకమ్మా. శృతి మా మనస్విని చేస్తది. రెండేండ్ల సంది ఆమెనే చేస్తున్నది."

జానకమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఎవరు చేస్తే ఏందయ్యా, అమ్మవారికి శృతి కుదిరితే చాలంది, శుక్రవారం లోపల ఇమ్మంది. మనస్విని కళ్ళు తుడుచుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. తను ఇన్నాళ్ళు చాటుగా మాత్రమే విప్పిన పెట్టెను తండ్రి ఎదుట విప్పుతుంటే చేతులు కొత్తగా అనిపించాయి. తండ్రి గొంతు సవరించుకుని, ఆ పిల్లగాని కోర్సు ఎందాక వచ్చిందో ఫోను చేసి అడగమన్నాడు. అడగనవసరం లేదు. వారం వారం అతని ఫోనుతో ఆమెకు తెలుస్తూనే ఉంది.

కొన్ని నెలలకు, కోర్సు నేర్పే చోటనే శ్యామ్‌సుందర్ చెవులు పరీక్ష చేశారు. మిషను చేతికి వచ్చిన ఆదివారం సురేందర్ దాన్ని కొట్టుకే తెచ్చి, తన గురువు చూపించినట్టే జాగ్రత్తగా అమర్చాడు. బయట వాన సన్నగా పడుతోంది. పెద్దాయన పెట్టె దగ్గరకు జరిగి, మెట్లు ఒక్కొక్కటే పైకి నొక్కుకుంటూ వెళ్ళాడు. అన్నిటికన్నా పైది వచ్చేసరికి వేలు అక్కడే ఉంచి, తిత్తిలో గాలి అయిపోయేదాకా కళ్ళు మూసుకున్నాడు.

వెనక ఇద్దరూ నిలబడి ఉన్నారు. సురేందర్ గోడ వైపు చూస్తున్నాడు. కోర్సు అయిపోయింది, దవాఖానలో ఉద్యోగం కూడా కుదిరింది, ఇంకా ఈ మనిషి నోరు విప్పడు. మనస్విని అతని మోచేతిని పొడిచి, చెవి దగ్గర గుసగుసగా అంది.

"ఇయ్యాలన్న నాయిన్ను అడుగుతవా, లేకపోతే నేనే అడగాలెనా?"

శ్యామ్‌సుందర్ వెనక్కి తిరగలేదు. మెట్టు మీది నుంచి వేలు తీశాడు.

"ఎవరడిగినా ఫికర్ లేదు, బిడ్డా," అన్నాడు. "వింటున్న. సురేందర్, మీ నాయిన బీరయ్యను ఎప్పుడు రమ్మందాం?"