రెండు కొత్తపల్లెలు

"ఒక్క ఫోన్ చేసుంటే ఏం పోయేదప్పా? నోట్లోంచి ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

వీడియో మీటింగులో మునిలక్ష్మి గొంతు ఖంగుమంది. ఆమె మదనపల్లె ఆఫీసులో ఉంటుంది. తిట్లు తింటున్న ముద్దుకృష్ణ కుప్పంలో ఇంటి నుంచే పనిచేస్తాడు. పశువులకు జబ్బు చేసిందని రైతులు ఫోన్ చేస్తే వివరాలు రాసుకోవడం ఆమె పని. ఏ డాక్టరు ఏ ఊరికి వెళ్లాలో చూసి పంపడం అతని పని.

ఏడాదిగా ఒకే టీమ్. అయినా ఆమె అతని ముఖం చూడలేదు, గొంతు వినలేదు. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. ఆమె రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే అటు నుంచి వచ్చేది ఒకటే మాట: "ఓకే."

ఆ ఉదయం గోవిందప్ప అనే రైతు, ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోన్ చేశాడు. కొత్తపల్లెకు అర్జెంటుగా డాక్టర్ని పంపమని ఆమె మెసేజ్ పెట్టింది. "ఓకే" వచ్చింది. డాక్టరు కలికిరి దగ్గరి కొత్తపల్లెకు వెళ్లాడు. గోవిందప్పది సదుం దగ్గరి కొత్తపల్లె. తప్పు తెలిసి డాక్టరు అక్కడికి పరుగెత్తేసరికి ఆవు దక్కింది, దూడ దక్కలేదు.

"ఏ కొత్తపల్లె అని డౌటే రాలేదా నీకు?"

తెర మీద అతని మైక్ వెలిగింది. "వ... వ..." అంతే. మళ్లీ మ్యూట్.

"సూడండి సార్, ఎంత పొగరో!" అంది ఆమె మేనేజర్ శివకుమార్‌తో.

సాయంత్రం అతని నుంచి మెసేజ్ వచ్చింది.

"డౌట్ వచ్చింది మేడమ్. మూడుసార్లు మీ నంబర్ నొక్కి కట్ చేసినా. నాకు నత్తి. ఫోన్లో అస్సలు మాట రాదు. మెసేజ్ పెట్టి అడగొచ్చు కదా అంటారు. అడిగితే మీరు వెంటనే ఫోన్ చేస్తారని భయం. నా భయానికి ఆ దూడ పోయింది."

మునిలక్ష్మి రెండుసార్లు చదివింది. పొద్దున పెట్టిన తన వాయిస్ మెసేజ్ మళ్లీ వింది. అందులో సదుం అన్న మాటే లేదు. గోవిందప్ప చెప్పాడు, తొందరలో తనే వదిలేసింది.

మర్నాడు అందరి ముందూ చెప్పింది. "సగం తప్పు నాది సార్. మండలం పేరు నేను చెప్పలా. అతన్ని అనరాని మాటలన్నా."

ఆ తర్వాత అతనికి రాసింది: "రోజూ పొద్దున తొమ్మిదికి ఫోన్ చేస్తా. మాట రాకపోయినా పర్లేదు, పెట్టెయ్యద్దు. నేను ఈడే ఉంటా."

మొదటి రోజు ఊపిరి మాత్రమే వినిపించింది. మూడో రోజు "న... నమస్తే" వచ్చింది. అతని మాటను ఆమె ఎప్పుడూ తను పూర్తి చెయ్యలేదు. ఊరు, మండలం ఆమె చెబితే అతను తిరిగి చెప్పేవాడు. పని మాటలయ్యాక కూడా ఫోన్ నడిచేది.

"ముద్దుకృష్ణ అని ఎవరు పెట్టినారు?"

"మ... మా అవ్వ. ముద్దుగా ఉండానని."

"అప్పుడా?"

"ఇ... ఇప్పుడు కూడా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

రెండు నెలలకు అతనే అన్నాడు, గోవిందప్పకు ఎదురుగా క్షమాపణ చెప్పాలని. ఇద్దరూ పుంగనూరు బస్టాండులో మొదటిసారి కలుసుకుని అక్కడి నుంచి అతని ఊరికి వెళ్లారు. ముద్దుకృష్ణ నాలుగు మాటలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. గోవిందప్ప ఓపిగ్గా విన్నాడు.

"పోయింది రాదు నాయనా. ఇంత దూరం వచ్చి చెప్పినావే, అదే గొప్ప" అని అతని భుజం తట్టాడు.

తిరిగి పుంగనూరు చేరేసరికి వాన. మదనపల్లె బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"ల... లక్ష్మీ, నే... నేను నిన్ను..."

మాట ఆగింది. కండక్టర్ విజిల్ వేశాడు.

"బ... బస్సు పోతాండాది."

"పోనీ. ఇంకోటి వస్తాది. నువ్వు చెప్పు."

ఆ మాటేమిటో తనకు తెలుసనుకుంది. అయినా అందివ్వలేదు. అతను కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. బస్సు మలుపు తిరిగి వానలో కలిసిపోయింది.

"పె... పెళ్లి చేసుకుంటా. నీకిష్టమైతే."

"ఏకంగా పెళ్లా? ప్రేమిస్తాండానని అంటావనుకుంటినే!"

"ఆ మాట మొ... మొదట్లోనే 'ప్... ప్రే' ఉండాది. నాకు కష్టం."

మునిలక్ష్మి పకపకా నవ్వి, తడిసిన అతని చెయ్యి పట్టుకుంది.

"సరేలే, పెళ్లే కానిద్దాం."